జిమ్‌లో ఎవరూ చెప్పని రూల్స్, అడక్కుండా వచ్చే మాటలు: మీరెలా నెట్టుకొస్తున్నారు?

కొత్తగా_చేరాను

అందరికీ నమస్తే. జిమ్‌లో చేరి ఆరు వారాలైంది. స్క్వాట్ (ఇనప కడ్డీ, అంటే బార్, భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ (పడుకుని ఛాతీ మీది నుంచి బార్ పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్ పట్టుకుని పైకి లాగడం) మెల్లమెల్లగా ఒంటబడుతున్నాయి. అక్కడి మనుషుల మధ్య ఎలా మెలగాలన్నదే అంతుపట్టడం లేదు. చేరిన రోజు మెషీన్లు ఎలా వాడాలో పది నిమిషాలు చూపించారు. ఎవరి దగ్గర ఎలా నడుచుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

రెండు సంగతులు చెప్తాను.

మొదటిది. బెంచ్ మీద ఎవరూ లేరు. బార్‌కి బరువు ప్లేట్లున్నాయి, కింద ఒక నీళ్ళ బాటిల్ ఉంది. ఎవరో వదిలేసి వెళ్ళారనుకుని ఆ ప్లేట్లు తీసి నాకు కావాల్సినవి ఎక్కించుకుంటున్నాను. ఇంతలో ఒకాయన వచ్చి, "హలో, బాటిల్ కనబడట్లేదా? నాకింకా రెండు సెట్లున్నాయి" అన్నాడు (సెట్ అంటే ఆగకుండా వరుసగా చేసే ఒక విడత). సారీ చెప్పి, మళ్ళీ ఆయన ప్లేట్లు ఆయనకు పెట్టి పక్కకొచ్చాను. పొరపాటు నాదే, ఒప్పుకుంటాను. బాటిల్ ఉంటే ఆ చోటు ఒకరిదని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండోదే లోపల ఉండిపోయింది. ఖాళీ బార్‌తో స్క్వాట్ చేస్తున్నాను. రెండో సెట్ అయ్యాక ఒకతను చెయ్యి ఊపి ఇయర్‌ఫోన్స్ తీయమన్నాడు. ఏదో అడుగుతాడనుకుని తీశాను. "బ్రదర్, నీ బాడీకి ఇవన్నీ ఇప్పుడే ఎందుకు? ముందు ట్రెడ్‌మిల్ ఎక్కు. ఒళ్ళు తగ్గాక బరువులు పట్టుకుందువు గానీ" అన్నాడు. పక్కనున్న ఇద్దరు తిరిగి చూశారు. నేను నవ్వి, "సరే అన్నా" అని, నిజంగానే వెళ్ళి ట్రెడ్‌మిల్ ఎక్కాను. ఇరవై నిమిషాలు నడిచి ఇంటికొచ్చేశాను. అతను అన్నదానికంటే, నేను తలూపి వెళ్ళిపోవడమే ఎక్కువ గుచ్చుతోంది. నాలుగు రోజులైంది, అటువైపు వెళ్ళలేదు. బ్యాగ్ తలుపు పక్కనే ఉంది.

నాలాంటి కొత్తవాళ్ళకు తెలియని పద్ధతులు ఏమేమున్నాయో చెప్పండి. ఇలాంటి మాట వచ్చినప్పుడు ఏమనాలో కూడా చెప్పండి. గొడవ పెట్టుకునే మనిషిని కాను నేను.

ర్యాక్_పక్కన

ముందు ఆ "ఖాళీ బార్" సంగతి. ఒలింపిక్ వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో వాడే కొలత ప్రకారం మగవాళ్ళ బార్ 20 కిలోలు, ఆడవాళ్ళ బార్ 15 కిలోలు. ప్లేటు ఒక్కటి కూడా పెట్టకుండానే మీ భుజాల మీద అంత బరువుంది. ఎన్నేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళయినా వార్మప్ ఖాళీ బార్‌తోనే మొదలుపెడతారు. మీరు చేస్తున్నది సరైన పని.

ఇక పద్ధతులు. బెంచ్ మీద టవల్, పక్కన బాటిల్, ఫోన్, పుస్తకం, వీటిలో ఏదున్నా మనిషి మళ్ళీ వస్తాడనే లెక్క. అనుమానం ఉంటే చుట్టూ చూసి "ఇక్కడ ఎవరైనా చేస్తున్నారా?" అని కాస్త గట్టిగా అడిగేయండి. ఎవరూ ఏమీ అనుకోరు.

ఎవరైనా చేస్తుంటే "ఇంకెన్ని సెట్లున్నాయండీ?" అని అడగొచ్చు. నాలుగైదు ఉన్నాయంటే "మధ్యలో నేనూ చేసుకోవచ్చా?" అని అడగొచ్చు. వాళ్ళు రెస్ట్ తీసుకునేటప్పుడు మీరు, మీరు రెస్ట్ తీసుకునేటప్పుడు వాళ్ళు. అయితే వాళ్ళు బార్ ఎత్తి ఉన్నప్పుడు మాత్రం నోరు తెరవకండి. బార్ మళ్ళీ కొక్కేల మీదికి చేరేదాకా ఆగండి. నేను ఆ తప్పు చేశాను. ఒకావిడ డెడ్‌లిఫ్ట్ పైకి లాగుతుండగా ఎన్ని సెట్లని అడిగాను. ఆవిడ బార్ దింపేసి, "నడుము పట్టేస్తే ఎవరిది బాధ్యత?" అంది. ఇప్పటికీ గుర్తుంది నాకు.

ఇంకోటి, బరువెత్తేవాళ్ళకూ అద్దానికీ మధ్యలోంచి నడవకండి. వాళ్ళు తమ వీపు, మోకాళ్ళు ఎలా ఉన్నాయో ఆ అద్దంలోనే చూసుకుంటుంటారు. డంబెల్స్ స్టాండు నుంచి డంబెల్ తీసుకున్నాక రెండడుగులు వెనక్కి వచ్చి చేసుకోండి. అక్కడే నిలబడి చేస్తే మిగతావాళ్ళకు చెయ్యి పెట్టే చోటుండదు.

తెల్లవారుజాము_బ్యాచ్

నాలుగు రోజులు మానేశారని చదివి బాధేసింది. రేపు వెళ్ళండి, ప్లీజ్. ఐదో రోజు నాలుగో రోజు కంటే కష్టంగా ఉంటుంది.

పదేళ్ళ_ట్రైనర్

నేను ట్రైనర్‌ని. మొదటి తప్పు మాది. మెషీన్లు చూపించే ఆ పది నిమిషాల్లోనే పద్ధతులు కూడా చెప్పాలి. మేం చెప్పకపోబట్టే ఒకరి మీద ఒకరు అరుచుకునే పరిస్థితి వస్తోంది.

ఒక్క విషయం మాత్రం మర్యాద కోసం కాదు, ప్రాణం కోసం పెట్టుకున్నది. ర్యాక్ (బార్ పెట్టే స్టాండు) మీదున్న బార్ నుంచి ప్లేట్లు తీసేటప్పుడు ఒక వైపంతా ఖాళీ చేసి తర్వాత రెండో వైపు వెళ్ళకండి. ఇటు ఒకటి తీస్తే అటు ఒకటి తీయాలి. ఒకసారి నా కళ్ళ ముందే జరిగింది. ఒక కుర్రాడు ఫోన్‌లో మాట్లాడుతూ ఎడమవైపు ప్లేట్లన్నీ తీసేశాడు. చివరి ప్లేటు చేతిలోకి రాగానే బార్ ఎడమ కొస ఒక్కసారిగా పైకి లేచింది. కుడివైపు ప్లేట్లు నేల మీద పడి దొర్లాయి. ఆ లేచిన కొస అతని చెవి పక్కనుంచి పోయింది. చెయ్యంత దూరం కూడా లేదు. ఫోన్ ఇంకా అతని చెవి దగ్గరే ఉంది, అవతల ఎవరో హలో హలో అంటున్నారు.

మీ పని అయిపోయాక ప్లేట్లు తీసి స్టాండుకు పెట్టడం కూడా అలాంటిదే. మీరు వదిలేసిన 20 కిలోల ప్లేట్లు తర్వాత వచ్చే మనిషి మోయగలరో లేదో మీకు తెలియదు. ఆపరేషన్ అయి మెల్లగా మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు నా దగ్గర ఇద్దరున్నారు. ప్లేట్లు తీసిపెట్టమని రోజూ ఎవరినో ఒకరిని అడగాల్సి రావడం వాళ్ళకు చిన్నతనంగా ఉంటుంది.

అడక్కుండా వచ్చే సలహాల గురించి కూడా చెప్తాను. మీకు చెప్పినవాడి మాట వైద్యపరంగా కూడా నిలబడదు. లావుగా ఉన్నవాళ్ళు బరువులు ఎత్తకూడదన్న నియమం ఎక్కడా లేదు. తిండి తగ్గించి ఒళ్ళు తగ్గే రోజుల్లో కండ కరిగిపోకుండా కాపాడేది బరువులే. జిమ్‌లో కొత్తవాళ్ళకు అందరూ చెప్పే మరో మాట, స్క్వాట్‌లో "మోకాలు కాలి బొటనవేలు దాటకూడదు" అని. 2003లో ఒక పరిశోధనలో మోకాళ్ళ ముందు పలక అడ్డం పెట్టి స్క్వాట్ చేయించారు. మోకాలి మీద భారం కొంత తగ్గింది. కానీ మనిషి ముందుకు వంగిపోయి, తుంటి దగ్గర పడే బలం దాదాపు పదింతలైంది. పొడుగు తొడలున్నవాళ్ళ మోకాలు వేలిని దాటక తప్పదు. అవతలి మనిషి ఎముకల కొలత, పాత గాయాలు, వాళ్ళ ట్రైనర్ ఏం చెప్పాడో తెలియకుండా దారిన పోతూ ఇచ్చే సలహా ఇంతే.

నిక్కచ్చి_మనిషి

నేను ఒప్పుకోను. కళ్ళ ముందు ఎవరైనా దెబ్బ తగిలించుకుంటుంటే చూస్తూ ఊరుకోవాలా? ఒకబ్బాయి ఒంటరిగా బెంచ్ చేస్తూ బార్ ఛాతీ మీదికి వచ్చి ఇరుక్కుపోయాడు. ముఖం ఎర్రబడిపోయింది. పరుగెత్తి వెళ్ళి లేపాను. "ముందు అనుమతి తీసుకోవాలి" అని కూర్చునుంటే ఏమయ్యేది? ఈ రోజుల్లో ఎవరికీ ఏమీ చెప్పకూడదు అనే పద్ధతి నాకు నచ్చదు.

పదేళ్ళ_ట్రైనర్

మీరు చేసింది నూటికి నూరుపాళ్ళు సరైనది. అక్కడ అనుమతి అక్కర్లేదు. ప్రమాదం కళ్ళ ముందుంటే దూకాల్సిందే. ఖాళీ బార్‌తో స్క్వాట్ చేసుకునేవాడికి ఏ ప్రమాదమూ లేదు కదా. అతని దగ్గరికి వెళ్ళి ఒళ్ళు గురించి మాట్లాడటం, మీరు బార్ లేపడం, రెండూ ఒక్కటే ఎలా అవుతాయండీ?

ఆ బెంచ్ మాట వచ్చింది కాబట్టి అందరికీ: ఒంటరిగా చేస్తున్నప్పుడు పక్కన పట్టుకునే మనిషి గానీ, సేఫ్టీ కమ్మీలు (బార్ మీద పడకుండా ఆపేవి) గానీ లేకపోతే బెంచ్‌లో బార్‌కి క్లిప్పులు (ప్లేట్లు జారకుండా పట్టేవి) పెట్టకండి. ఇరుక్కుపోతే ఒక పక్కకు వంచి ప్లేట్లు జారవిడిచి బయటపడొచ్చు. గోల అవుతుంది, పక్కవాళ్ళు ఉలిక్కిపడతారు, ఫర్వాలేదు. అన్నిటికంటే మంచిది పక్కవాళ్ళను పిలవడం. "ఒక్కసారి పట్టుకుంటారా? ఐదు రెప్స్ అనుకుంటున్నా, నేను చెప్పేదాకా ముట్టుకోకండి" అని ముందే చెప్పేయండి (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్). ఇంతవరకు నేను చూసిన జిమ్‌లలో ఈ మాటకు కాదన్నవాళ్ళు లేరు.

నిక్కచ్చి_మనిషి

సరే, ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ నడుము గుండ్రంగా వంచి డెడ్‌లిఫ్ట్ చేసేవాణ్ణి చూస్తే నాకు నిద్రపట్టదు. అప్పుడేం చేయాలి?

పదేళ్ళ_ట్రైనర్

ఆ సమయానికి డ్యూటీలో ఉన్న ట్రైనర్‌కి చెప్పండి, అది మా పని. లేకపోతే సెట్ అయ్యాక "ఒక విషయం గమనించాను, చెప్పమంటారా?" అని అడగండి. వద్దంటే వదిలేయండి.

జడ_ముడేసి

ఆడవాళ్ళ వైపు నుంచి నేను చెప్తాను. నాకు మూడేళ్ళుగా వచ్చే మాటలు: "మీకు ఇంత బరువెందుకండీ", "మగాళ్ళలా అయిపోతారు జాగ్రత్త", "కొంచెం నవ్వొచ్చుగా". ఆడవాళ్ళలో టెస్టోస్టిరాన్ (కండ పెంచే మగ హార్మోన్) మగవాళ్ళతో పోలిస్తే సుమారు పదిహేనో వంతు. బరువులెత్తినంత మాత్రాన మగాళ్ళలా అయిపోవడం జరిగే పని కాదు. ఇది వివరించి వివరించి అలిసిపోయాను. ఇప్పుడు వివరించడం మానేశాను.

మాటలు ఒక ఎత్తు, చెయ్యి వేయడం ఒక ఎత్తు. రోయింగ్ (కూర్చుని హ్యాండిల్‌ని వెనక్కి లాగే మెషీన్) చేస్తుండగా ఒకతను వెనక నుంచి వచ్చి "ఇలా నిటారుగా ఉంచాలి" అని నా నడుము మీద అరచెయ్యి ఆనించాడు. నేను హ్యాండిల్ వదిలేశాను. బరువుల దొంతర దబ్బుమని కింద పడింది. అందరూ చూశారు. "చెయ్యి తీయండి. నన్ను ముట్టుకోకండి" అన్నాను. గొంతు నేను అనుకున్నంత గట్టిగా రాలేదు, కానీ వచ్చింది. "హెల్ప్ చేద్దామనే" అన్నాడు. అప్పుడే రిసెప్షన్‌కి వెళ్ళి చెప్పాను. ఏ టైముకి, ఏ మెషీన్ దగ్గర, ఏం చేశాడు అని కాగితం మీద రాసిచ్చాను. రాసివ్వడం వల్ల వాళ్ళు తేలిగ్గా తీసుకోలేకపోయారు. అతన్ని పిలిచి మాట్లాడారు. ఆ తర్వాత నా దరిదాపుల్లోకి రాలేదు.

చెల్లెళ్ళెవరైనా చదువుతుంటే: ట్రైనర్ అయినా సరే, "చెయ్యి పెట్టి చూపించొచ్చా?" అని అడిగాకే ముట్టుకోవాలి. అడగకపోతే అడగమని చెప్పే హక్కు మీకుంది.

ఫిజియో_వైపు

పై మాటకు నా ఓటు. నేను ఫిజియోథెరపిస్ట్‌ని. ఒంటి మీద చెయ్యి వేసి చేసే వైద్యం నాది, అయినా ప్రతిసారీ అడుగుతాను. ఒకే మనిషిని వారానికి మూడుసార్లు చూసినా మూడుసార్లూ అడుగుతాను.

గడకర్ర

నేను సన్నగా ఉంటాను. ఈ పేరు జిమ్‌లో నాకు పెట్టిందే. "గాలొస్తే ఎగిరిపోతావ్ బ్రో", "తింటున్నావా అసలు?" అని అంటారు. లావువాళ్ళను అంటే తప్పని ఈమధ్య కొందరికైనా తెలుస్తోంది. సన్నవాళ్ళను అంటే సరదా అనుకుంటారు. సరదా కాదు. నేను ఫుల్ చేతుల టీషర్టు తప్ప వేసుకోను, ఎండాకాలం అయినా.

పాత_స్నేహం

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

పోయినేడాది నాకు ఒంట్లో బాగోలేక నాలుగు నెలలు మంచం పట్టాను. పద్నాలుగు కిలోలు తగ్గిపోయాను. డాక్టర్ మెల్లగా మొదలుపెట్టమంటే జిమ్‌కి వెళ్ళాను. మొదటిరోజు, ముఖపరిచయం తప్ప పేరు కూడా తెలియని ఒకావిడ ఎదురై రెండు చేతులూ పట్టుకుని, "అబ్బా, ఎంత తగ్గిపోయారండీ! ఏం చేశారు? నాకూ చెప్పండి" అంది. కళ్ళల్లో నిజమైన సంతోషం. ఆవిడ నన్ను మెచ్చుకుంటోంది. నాకేమో నోట మాట రాలేదు. ఆవిడ చేతుల్లో నా చేతులున్నాయి. వాటి మీద సెలైన్ సూదుల మచ్చలు ఇంకా పోలేదు. ఆవిడ కిందికి చూసింది. మచ్చలు చూసింది. మెల్లగా చేతులు వదిలేసి, "సారీ అండీ" అని వెళ్ళిపోయింది.

ఆవిడ మీద నాకు కోపం లేదు. తర్వాత నుంచి కనబడ్డప్పుడల్లా "ఈ రోజు ఎలా ఉంది?" అని అడుగుతుంది, అంతే. అది నాకు చాలా బాగుంటుంది. ఒళ్ళు తగ్గిందనో పెరిగిందనో మాట కలిపే బదులు ఈ రోజు ఎలా ఉందని అడిగితే చాలు. తగ్గడం వెనక ఏముందో పైకి కనబడదు.

తెల్లవారుజాము_బ్యాచ్

@పాత_స్నేహం, రాసినందుకు థ్యాంక్స్ అండీ. ఇప్పుడెలా ఉన్నారు?

పాత_స్నేహం

బాగున్నానమ్మా. ఆరు కిలోలు మళ్ళీ వచ్చాయి. డాక్టర్ చాలా సంతోషించారు.

మోడరేటర్

చిన్న మనవి. చర్చ బాగా నడుస్తోంది. ఫలానా జిమ్, ఫలానా ట్రైనర్ అని పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను. సంఘటన రాయండి, పేర్లు వద్దు.

మెట్లెక్కుతా

నా వయసు 67. "ఈ వయసులో మీకిది అవసరమా అత్తయ్యగారూ?" అని ఒకమ్మాయి ప్రేమగానే అడిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దవాళ్ళందరూ వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలనీ, కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పాలనీ ఉంది. 65 దాటినవాళ్ళు పడిపోకుండా ఉండటానికి, వారంలో మూడు రోజులైనా బలం, నిలకడ పెంచే కసరత్తులు చేయాలని అదనంగా చెప్పారు. ఆ అమ్మాయికి అదే చెప్పాను. పడితే తుంటి విరిగే వయసు కాబట్టే వస్తున్నానమ్మా అన్నాను. ఆమె వాళ్ళమ్మగారిని కూడా తీసుకొచ్చింది. ఇప్పుడు మేమిద్దరం కలిసి చేస్తున్నాం.

బాబూ కొత్తగా_చేరాను, అన్న ప్రతివాడూ చెడ్డవాడు కాదు. అలాగని ప్రతి మాటకూ తలూపాల్సిన పనీ లేదు. "నా ప్లాన్ ప్రకారం చేస్తున్నాను నాన్నా" అని చెప్పి ఇయర్‌ఫోన్స్ మళ్ళీ పెట్టేసుకో.

అంతా_గమనిస్తా

పక్కనున్న ఇద్దరు చూశారన్నారు కదా. 2000లో కార్నెల్ యూనివర్సిటీ సైకాలజీవాళ్ళు ప్రచురించిన ఒక ప్రయోగం చెప్తాను. ఒక విద్యార్థికి, వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్టు వేసి, మిగతా విద్యార్థులున్న గదిలోకి పంపారు. గదిలో సగంమంది ఆ బొమ్మ గమనించి ఉంటారని వేసుకున్నవాళ్ళు అనుకున్నారు. నిజంగా గమనించింది పావువంతు మంది. మనల్ని ఎంతమంది చూస్తున్నారో అన్నది మనం ఎప్పుడూ ఎక్కువే లెక్కేసుకుంటాం. ఆ ఇద్దరికీ మీరిప్పుడు గుర్తుండకపోవచ్చు.

జడ_ముడేసి

అది నిజమే గానీ, ఇక్కడ ఆయన ఊహించుకున్నదేమీ లేదు కదండీ. ఎదురుగా నిలబడి నోటితో అన్నాడు. "ఎవరూ చూడట్లేదులే" అంటే అన్న మాట తగ్గిపోదు.

అంతా_గమనిస్తా

కరెక్ట్. అన్నవాడి గురించి కాదు, చుట్టూ ఉన్నవాళ్ళ గురించి మాత్రమే నా మాట. తిరిగి వెళ్ళేటప్పుడు అందరూ గుర్తుపడతారేమో అన్న భయం ఉంటే అది తగ్గుతుందని.

స్టాప్‌వాచ్

కాస్త పక్క విషయం. సెట్ల మధ్య కూర్చుంటే "ఫోన్ చూసుకోవడానికి వచ్చావా?" అంటున్నారు నన్ను. బరువు ఎక్కువున్న సెట్ తర్వాత మూడు నిమిషాలు కావాలి. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో, అలవాటున్న కుర్రాళ్ళు ఎనిమిది వారాలు చేస్తే, ఒక నిమిషం ఆగినవాళ్ళకంటే మూడు నిమిషాలు ఆగినవాళ్ళకు బలం ఎక్కువ పెరిగింది. కూర్చున్నవాణ్ణి బద్ధకస్తుడు అనుకోకండి. అలాగే కూర్చునేవాళ్ళు కూడా రద్దీ టైములో పక్కన ఎవరైనా ఎదురుచూస్తున్నారేమో తలెత్తి చూడాలి. నేను ఇప్పుడు ఫోన్‌లో టైమర్ పెట్టి, స్క్రీన్ పైకి ఉండేలా బెంచ్ మీద పెడతాను. అడగడానికి వచ్చినవాళ్ళకు అంకెలు తిరగడం కనబడుతుంది. అప్పటినుంచి ఎవరూ ఏమీ అనలేదు.

ఒకేసారి మూడు మెషీన్లకు మూడు టవల్స్ వేసి తిరిగేవాళ్ళ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం. దానికి వేరే చర్చే కావాలి.

చెమట_టవల్

చెమట తుడవండి. అంతకుమించి చెప్పడానికి నా దగ్గరేం లేదు.

మారుతున్నా

నిన్న మొత్తం చదివాను. ఇవాళ రాస్తున్నాను.

ఆ ట్రెడ్‌మిల్ మాట లాంటివి నేను అన్నాను. మీ జిమ్ కాదు, మీరు కాదు, కానీ అలాంటి మాటలే. నేను కూడా లావుగా ఉండేవాణ్ణి. తొంభై ఎనిమిది కిలోల నుంచి డెబ్బై ఆరుకి వచ్చాను, రోజూ పరుగెత్తి. నాలాంటివాళ్ళు కనబడగానే నాకు పాత నేను కనబడేవాణ్ణి. నాకు పనికొచ్చింది వాళ్ళకు చెప్పేస్తే మేలు చేసినట్టు అనుకునేవాణ్ణి. ఒకబ్బాయికి వరుసగా రెండు వారాలు చెప్పాను. మూడో వారం నుంచి అతను రాలేదు. వేరే టైముకి మారాడనుకున్నాను. తర్వాత మా ట్రైనర్ చెప్పాడు, అతను ఫీజు మొత్తం కట్టేసి కూడా మానేశాడని. ఎందుకో అడగలేదు నేను. తెలుసు కాబట్టి.

ఇప్పుడు నాకు అనిపించినా అనను. ఆ అబ్బాయి ఎక్కడున్నాడో తెలిస్తే సారీ చెప్తాను. తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను.

కొత్తగా_చేరాను

@మారుతున్నా, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. చెప్పినందుకు థ్యాంక్స్ అన్నా.

అందరికీ అప్‌డేట్. నిన్న సాయంత్రం వెళ్ళాను. తలుపు దగ్గర రెండు నిమిషాలు నిలబడ్డాను, అది కూడా చెప్పాలి. లోపలికి వెళ్ళి "ఇక్కడ ఎవరైనా చేస్తున్నారా?" అని గట్టిగా అడిగాను. ఎవరూ లేరు. నా టవల్, బాటిల్ పెట్టాను.

రెండో సెట్ అయ్యాక అతను వచ్చాడు. అదే మనిషి. నీళ్ళు తాగుతూ ఆగి, "ఏం బ్రదర్, ట్రెడ్‌మిల్ అయిందా?" అన్నాడు. నేను రాత్రంతా ప్రాక్టీస్ చేసిన మాటలన్నీ పోయాయి. మెట్లెక్కుతా గారు చెప్పిందొక్కటే గుర్తొచ్చింది. "నా ప్లాన్ ప్రకారం చేస్తున్నానండీ" అన్నాను. నవ్వకుండా అన్నాను. పోయినసారి నవ్వాను కదా, ఈసారి నవ్వకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను. అతను "ఓకే ఓకే" అని ఇంకేదో అనబోయాడు. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుని బార్ కిందికి వెళ్ళాను.

మూడో సెట్‌లో కాళ్ళు వణికాయి. బరువు వల్లా, టెన్షన్ వల్లా, తెలియదు. ఎనిమిది అనుకున్నవి ఆరే అయ్యాయి. కానీ సెట్ పూర్తి చేశాకే బయటికొచ్చాను.

ఒక డౌట్. రేపు రెండు వైపులా ఐదేసి కిలోలు వేద్దామనుకుంటున్నాను. ట్రైనర్ గారు బెంచ్‌కి క్లిప్పులు వద్దన్నారు కదా, స్క్వాట్‌కి కూడా వద్దా?

పదేళ్ళ_ట్రైనర్

స్క్వాట్‌కి పెట్టండి. ఆ మాట ఒంటరిగా చేసే బెంచ్‌కి మాత్రమే. బార్ భుజాల మీద ఉన్నప్పుడు ఒక ప్లేటు జారితే మనిషి పక్కకు తిరిగిపోతాడు. ర్యాక్‌కి అటూ ఇటూ ఉండే సేఫ్టీ కమ్మీలను, మీరు పూర్తిగా కిందికి కూర్చున్నప్పుడు బార్ ఎంత ఎత్తులో ఉంటుందో దానికంటే నాలుగు వేళ్ళు కింద పెట్టండి. ముందు ఖాళీ బార్‌తో కూర్చుని, అవి తగలడం లేదని చూసుకోండి. లేవలేకపోతే భయపడకుండా బార్‌ని వాటి మీదికి దించేసి బయటికి వచ్చేయొచ్చు. ఆరు రెప్స్ మంచి నంబరే. రేపు కూడా ఆరే పెట్టుకోండి.